వడగళ్ళలో వడ ఎక్కడిది?

తెలుగు క్లాసులో విద్యార్థులు నిద్రపోకుండా వుంటేనే గొప్ప. వాళ్ళు ప్రశ్న వేశారంటే మేష్టరుకు పండగే. గతవారం నాకా పండగ వచ్చింది.

పర్యాయపదాలు చెబుతున్నాను. వానతోపాటు రాలే మంచుగడ్డను అమరకోశం ‘వర్షోపల’మన్నది, ‘కరక’ అన్నది; వర్షోపలమంటే వాన రాయి; మనవాళ్ళు వడగల్లన్నారు అని చెప్పి తరువాతి మాటకు పోబోతుంటే మూడో బెంచీలోంచి ఒక కుర్రవాడు లేచాడు. వికారాబాదు వైపు పల్లెటూరివాడు. క్లాసులో నోరు విప్పడం నేను అదే మొదటిసారి చూడడం.

“సార్, వడ అంటే ఎండ వేడి గద. వడగాడ్పు అంటం, వడదెబ్బ అంటం. మరి మంచుగడ్డను పట్టుకొని వేడిరాయి అనుడేంది సార్? మా ఊళ్ళె అయితే రాళ్ళవాన అంటం.”

క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు. తెలుగులో ఎమ్మే చదివి, ఇన్నేళ్ళుగా పాఠం చెబుతూ, ఈ ప్రశ్న నాకు నేను ఒక్కనాడూ వేసుకోలేదు. ఆ వడా ఈ వడా ఒక తల్లి బిడ్డలేనా, లేక పేర్లు కలిసిన ఇరుగుపొరుగులా అన్న తగవు నిఘంటుకారులు చూసుకుంటారు. నన్ను పట్టుకున్నది వేరే సంగతి. మంచుకూ వేడికీ నిజంగా చుట్టరికం వుందా?

సాయంత్రం స్టాఫ్ రూములో మా ఫిజిక్సు లెక్చరరు గారిని అడిగాను. ఆయన పరీక్ష పేపర్లు దిద్దుతూ, తల ఎత్తకుండానే, “వేడి లేకపోతే వడగల్లే లేదండీ” అన్నారు. ఆ తరువాత పేపర్లు పక్కకు పెట్టి గంటసేపు చెప్పారు. ఆయన చెప్పినదీ, ఆ తరువాత నేను పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నదీ కలిపి ఈ వారం మీ ముందు పెడుతున్నాను.

ఎండకు కాగిన నేల తన మీది గాలిని కాస్తుంది. కాగిన గాలి తేలికై పైకి లేస్తుంది. లేచేకొద్దీ చల్లబడి, అందులోని తేమ మబ్బు కడుతుంది. ఆవిరి నీటిబొట్టుగా మారేటప్పుడు తనలో దాచుకున్న వేడిని విడిచిపెడుతుంది. ఆ వేడితో గాలి మరింత తేలికై మరింత పైకి పోతుంది. ఇలా ఒకదానికొకటి ఎగదోసుకుంటూ మబ్బు పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తుకు పోయి నిలుస్తుంది. అక్కడి చలి సున్నాకు నలభై, యాభై డిగ్రీలు కింద.

ఇక్కడొక విచిత్రం వుంది. సున్నా దాటి చల్లబడినా నీటిబొట్టు వెంటనే గడ్డకట్టదు. గడ్డకట్టడానికి దానికొక ఆధారం కావాలి: ఒక ధూళిరేణువో, ఒక మంచు పలుకో. అది దొరికేదాకా సున్నాకు ఇరవై డిగ్రీలు కింద కూడా నీరుగానే తిరుగుతుంది. పెళ్ళికొడుకు పీటలమీద కూచున్నాడు, పురోహితుడు రాలేదు, అదీ దాని పరిస్థితి. ఇంతలో మంచు పలుకు ఒకటి తగిలిందా, ఇక క్షణం ఆగదు, దాన్ని పట్టుకుని గడ్డకట్టేస్తుంది. అలా బొట్టు మీద బొట్టు పేరుకుని పలుకు రాయవుతుంది. కిందినుంచి తోసే గాలి ఎంత బలమైనదైతే రాయి అంతసేపు పైన నిలిచి అంత లావెక్కుతుంది. నిమ్మకాయంత వడగల్లు గంటకు వంద కిలోమీటర్లకు పైగా వేగంతో పడుతుంది. అంటే దాన్ని పైన నిలబెట్టిన గాలి కూడా దాదాపు అంత వేగంతో పైకి వీచి వుండాలి గదా. తుపాను గాలిని తీసుకొచ్చి నిలువునా నిలబెట్టారనుకోండి. 2010 జూలై 23న అమెరికాలో, దక్షిణ డకోటాలోని వివియన్ అనే వూళ్ళో ఇరవై సెంటీమీటర్ల అడ్డుకొలత గల వడగల్లు దొరికింది. బరువు కిలోకు కొంచెం తక్కువ. అంతటి రాయిని ఎత్తిపట్టిన గాలి ఎలాటిదై వుంటుందో!

వడగల్లును నిలువునా కోస్తే ఉల్లిపాయలా పొరలు కనిపిస్తాయి, ఒకటి తెల్లనిది, ఒకటి గాజులా స్వచ్ఛమైనది. ఎన్ని పొరలుంటే అన్నిసార్లు అది మబ్బులో కిందికీ పైకీ తిరిగిందని మా చిన్నప్పుడు చెప్పారు. ఇప్పుడలా అనడం లేదు. నీరు చటుక్కున గడ్డకడితే గాలిబుడగలు లోపల చిక్కి పొర తెల్లనవుతుంది. నింపాదిగా కడితే బుడగలు తప్పించుకుపోయి స్వచ్ఛంగా వుంటుంది. ఒక్క ప్రయాణంలోనే రెండూ జరగవచ్చు. అదే మబ్బులో చిన్న మంచు పలుకులూ, మెత్తని మంచు ఉండలూ రాసుకున్నప్పుడు విద్యుత్తు వేరుపడి మెరుపవుతుంది, ఉరుమవుతుంది. పిడుగూ వడగల్లూ ఒకే ఇంటి బిడ్డలన్న మాట.

సరే, వేడీ తేమా సిద్ధంగా వున్నాయి. వాటిని పైకి ఎగదోసేదెవరు? ఒక్కొక్కప్పుడు ఎండ చాలు. అలాటి వాన సాయంత్రం పూట, అక్కడక్కడ, చెదురుమదురుగా వస్తుంది. కాని దేశం పొడుగునా, వందల కిలోమీటర్ల బారున, ఒకే వరసలో ఉరుముల వాన నడిచిపోయిందంటే అది చల్లగాలి చేసిన పని. బరువైన చల్లగాలి తేలికైన వేడిగాలి మీదికి వచ్చేటప్పుడు పైనుంచి రాదు; నేలను రాచుకుంటూ వేడిగాలి కిందికి దూరుతుంది. గునపం మొన నేలలో దిగి మన్నును పెళ్ళగించినట్టు వేడిగాలిని పెళ్ళగించి పైకెత్తుతుంది. ఈ మొననే ఇంగ్లీషువాళ్ళు కోల్డ్ ఫ్రంట్ అన్నారు. ఆ ఫ్రంట్ అనే మాట యుద్ధరంగంనుంచి వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన రోజుల్లో నార్వేలోని బెర్గెన్ పట్టణంలో విల్హెల్మ్ బ్యెర్క్‌నెస్, ఆయన కొడుకు జాకబ్, వారి మిత్రులూ కూచుని వాతావరణ పటాలు గీస్తుండేవారు. పత్రికల నిండా యుద్ధపు ఫ్రంట్ల కబుర్లే. రెండు రకాల గాలులు తలపడే గీతకు వాళ్ళా పేరే పెట్టారు. మన పాఠ్యపుస్తకాలు దీన్ని శీతల వాతాగ్రమంటాయి. నన్నడిగితే చల్లగాలి మోహరమంటాను. సేన బారులు తీరి నిలిస్తే మన కవులు మోహరమనే గదా అన్నారు!

ఈ మోహరం దక్కను దాకా వచ్చేసరికి పదును పోతుంది. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో మన వైపు పడే వడగళ్ళకు బంగాళాఖాతపు తేమగాలి, వాయవ్యంనుంచి వచ్చే పొడిగాలి ఒకచోట కలుసుకోవడం ముఖ్య కారణం. పూర్తి మోహరం చేతికి చిక్కిన దేశం ఏమవుతుందో చూడాలంటే యూరపుకే పోవాలి. అందుకే 1788నాటి ఫ్రాన్సు సంగతి ఎత్తుకున్నాను.

ఆ ఏడు జూలై 13 ఆదివారం. వసంతమంతా వానలు లేక పైర్లు అసలే అంతంతమాత్రం. ఉన్న గోధుమ కోతకు రావడానికి ఇక కొద్ది రోజులే వుంది. తెల్లవారేసరికే నైరుతి దిక్కు నల్లబడింది. ఎనిమిదింటికి వడగళ్ళు రాజుగారి వేట విడిది రాంబుయేను కొట్టాయి. ఎనిమిదిన్నరకు పోంత్వాజ్, తొమ్మిదింటికి క్లేర్మోఁ, పదకొండింటికి దువే, పన్నెండున్నరకు ఇప్పటి బెల్జియంలోని కూర్త్రే, ఒంటిగంటన్నరకు హాలండు సముద్రతీరాన ఫ్లిస్సింగెన్. రైలు టైంటేబులు చదివినట్టు లేదూ? అప్పటికి రైలు లేదు సుమండీ. గంటకు అరవై అయిదు కిలోమీటర్ల చొప్పున ఆ మోహరం నడిచిపోయింది. సాయంత్రపు ఎండ కాచి తెచ్చిన వాన కాదిది. పొద్దున్నే, మనుషులు చర్చికి బయలుదేరే వేళకు వచ్చిందంటేనే వెనకనుంచి ఏదో తోసుకొస్తున్నదని తెలుస్తుంది. ఆనాటి కొలతలు చదివిన ఈనాటి వాతావరణ శాస్త్రజ్ఞులు కోల్డ్ ఫ్రంట్ అని చెప్పడం అందుకే. కొలతలెక్కడివంటారా? 1780లోనే జర్మనీలోని మాన్‌హైమ్‌లో ఒక వాతావరణ సంఘం ఏర్పడింది. యూరపులో ఎన్నో చోట్లకు ఒకే రకం ఉష్ణమాపకాలూ, భారమితులూ పంపి, రోజుకు మూడుసార్లు, పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి తొమ్మిదింటికి లెక్క రాయించింది.

సైన్సు అకాడమీవారు వూరూరూ విచారించి రాయమని తెస్సియే అనే వ్యవసాయ పండితుడికీ, లెరువా మొదలైనవారికీ పురమాయించారు. వారి నివేదిక తరువాత అచ్చయింది. వడగళ్ళ గురించి అంత శ్రద్ధగా రాసిన పాత నివేదిక ఇంకొకటి నేను చూడలేదు. వాళ్ళు చెప్పినదాని ప్రకారం వడగళ్ళు రెండు చారలుగా పడ్డాయి. పడమటి చార వెడల్పు పదహారు కిలోమీటర్లు, తూర్పు చార వెడల్పు ఎనిమిది. రెంటికీ నడుమ ఇరవై కిలోమీటర్ల మేర ఒక్క వడగల్లు పడలేదు, మంచి వాన మాత్రం కురిసింది. నేనీ సంగతి దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఎండిన పైరుకు ఆ వాన అమృతమై వుంటుంది. ఇటువైపు ఊరూ అటువైపు ఊరూ నేలమట్టం. నడుమ వూరివాడు ఆ పూట చర్చిలో దేవుడికి దణ్ణం పెట్టుకుని వుంటాడు. అతణ్ణి తప్పు పట్టగలమా?

ఏ వూళ్ళోనైనా వడగళ్ళు పడింది ఏడెనిమిది నిమిషాలు. అంతే. ఆ ఏడెనిమిది నిమిషాలు ఒక్కొక్క వూరికీ విడివిడిగా వచ్చి, మొత్తం 1039 గ్రామాలను కొట్టాయి. నష్టం సుమారు రెండున్నర కోట్ల లీవ్రులని లెక్కతేల్చారు. గోధుమ అంటే ఒక ఏటి పంట. ద్రాక్షతోటలూ పళ్ళచెట్లూ అలా కాదు, కొమ్మలు విరిగితే తేరుకోడానికి ఏళ్ళు పడుతుంది.

మబ్బు పట్టగానే గంటలు మోగిస్తే పిడుగూ వడగళ్ళూ చెదిరిపోతాయని ఆ దేశాల్లో నమ్మకం. గంట మోగించాలంటే వూళ్ళోకెల్లా ఎత్తయిన గోపురం కింద తడిసిన తాడు పట్టుకు నిలబడాలి. పిడుగుకు ఇంతకంటె మంచి ఆహ్వానం ఏముంటుంది? 1784లో మ్యూనిక్‌లో అచ్చయిన ఒక పుస్తకం, 33 ఏళ్ళలో 386 గోపురాల మీద పిడుగులు పడి గంట కొట్టేవాళ్ళు వందమందికి పైగా పోయారని లెక్క చూపింది. తరువాతి శతాబ్దంలో గంటలు పోయి ఫిరంగులు వచ్చాయి. 1896లో ఆస్ట్రియాలో ష్టీగర్ అనే ద్రాక్షతోట ఆసామి గొట్టం లాటి ఫిరంగిని ఆకాశంవైపు పేల్చాడు. ఆ ఏడు అతని తోటలో వడగళ్ళు పడలేదు. ఇంకేం, నాలుగేళ్ళు తిరిగేసరికి ఇటలీ నిండా వేలకొద్దీ ఫిరంగులు! ప్రభుత్వాలు నిదానంగా పరీక్ష చేయించగా ఏమీ లేదని తేలింది. ఇప్పటికీ కొన్ని దేశాల్లో పేలుస్తూనే వున్నారు. మన హిమాచల్ ఆపిల్ రైతులు చెట్లమీద వల కప్పుకుంటున్నారు, అది నయం.

మళ్ళీ ఫ్రాన్సుకు వద్దాం. తూర్పు చార పారిస్ అంచున సేంట్ ఆంత్వాన్ పేటను కూడా కొట్టింది. కూలీలూ వడ్రంగులూ వుండే పేట అది. ఆ ఏడు పంట దేశమంతటా తక్కువే. వడగళ్ళు పడింది దేశంలో ఒక భాగం మీదే. ఆ తరువాత చలికాలం అసాధారణమైనది. సేన్ నది గడ్డకట్టింది. నదులు గడ్డకడితే నీటిమరలు తిరగవు, మరలు తిరగకపోతే ఉన్న గోధుమ కూడా పిండి కాదు. నాలుగు పౌన్ల రొట్టె ఎనిమిది తొమ్మిది సూల నుంచి 1789 ఫిబ్రవరికి పద్నాలుగున్నర సూలకు పోయింది. కూలివాడి రోజు సంపాదన ఇరవై, ముప్ఫై సూలు. ఇంట్లో నలుగురు పిల్లలుంటే లెక్క మీరే వేసుకోండి. ఏప్రిల్ నెలాఖరున ఆ సేంట్ ఆంత్వాన్ పేటలోనే గోడకాగితాల ఫ్యాక్టరీ యజమాని రెవెయ్యోఁ ఇంటి మీద జనం పడ్డారు. జూలై 14న ఆ పేట మొదట్లోనే వున్న బాస్తీయ్ కోట మీద పడ్డారు. వడగళ్ళు పడి అప్పటికి ఏడాది మీద ఒక్క రోజు. వడగళ్ళే విప్లవం తెచ్చాయని రాసినవాళ్ళు లేకపోలేదు. నేనంత మాట అనను. ఖజానా అంతకుముందే ఖాళీ, పన్నుల బరువు తరాలనాటిది. కాని ఆకలికి వడగళ్ళ వంతు కూడా వున్నది.

అన్నట్టు, ఆ జూలై 16నే, అంటే వడగళ్ళు పడ్డ మూడో నాడు, టిప్పు సుల్తాను రాయబారులు ముగ్గురు పారిస్ చేరారు. గుత్తి, కడప సీమలు అప్పుడు టిప్పు ఏలుబడిలోవే. ఆ లెక్కన మన రాయలసీమ తరఫున వెళ్ళినవాళ్ళే అనుకోవచ్చు. ఇంగ్లీషువాళ్ళ మీద యుద్ధానికి సాయం కావాలని వాళ్ళ ప్రార్థన. ఆగస్టు 10న వెర్సాయ్‌లో వైభవంగా దర్శనం ఇచ్చారు. సాయం ఎక్కణ్ణించి వస్తుంది? మరో ఆరు రోజులకు, ఆగస్టు 16న, ఖజానా చెల్లింపులే ఆపేసింది. దారిలో ఆ రాయబారులు రాలిపోయిన చేలు చూశారో లేదో గాని, జనం గుంపులు గుంపులుగా వచ్చి వాళ్ళనే చూశారట.

ఆకలి మాట వచ్చింది గనుక మన పాతకథ ఒకటి చెప్పకుండా వుండలేను. ఛాందోగ్యోపనిషత్తులో ఉషస్తి చాక్రాయణుడనే పండితుడున్నాడు. కురుదేశపు పంటలను ‘మటచి’ నాశనం చేసింది. మటచి అంటే పిడుగురాళ్ళని శంకరులు. కాదు, మిడతలని మరికొందరు. కురుదేశమంటే ఇప్పటి ఢిల్లీ, హర్యానా ప్రాంతం. అక్కడ చలికాలపు పంట చేతికొచ్చే వేళకు పడమటినుంచి గాలి మారి వడగళ్ళు కురవడం నేటికీ వున్నదే. అందుకని నా ఓటు శంకరులకే. సరే, ఉషస్తి పెళ్ళాంతో సహా వలసపోయి, ఏనుగుల ఆసామి తింటున్న నాసిరకం ఉడికిన గింజలను అడుక్కుని, అతని ఎంగిలే తిన్నాడు. ‘ఇవిగో మంచినీళ్ళు’ అంటే మాత్రం పుచ్చుకోలేదు. గింజలు తినకపోతే ప్రాణం పోతుంది, నీళ్ళు ఎక్కడైనా దొరుకుతాయన్నాడు. వడగళ్ళు పడ్డ దేశంలో పండితుడి ఆచారం ఎంతదాకా నిలిచిందో ఆ గీత అక్కడ గీసివుంది.

మర్నాడు క్లాసులో ఇదంతా చెప్పాను. ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాదులో 1888 ఏప్రిల్ 30న వడగళ్ళకు 246 మంది చనిపోయిన సంగతి కూడా చెప్పాను. ప్రపంచంలో ఒక్క వడగళ్ళవానకు అంతమంది పోయినట్టు ఇంకెక్కడా లెక్కలోకి రాలేదు. నడి ఏప్రిల్ దాటిన ఎండల్లో జరిగింది, చూశావా నాయనా, నీ వడ అక్కడ వున్నది అన్నాను. నాకు సంతోషంగానే వుంది, ప్రశ్నకు జవాబు దొరికిందని.

గంట కొట్టాక ఆ కుర్రవాడు వెనకే వరండాలోకి వచ్చాడు.

“సార్, 2023 మార్చిల మా దిక్కు పడ్డయి రాళ్ళు. చేన్లు తెల్లగైనయి సార్, మంచు పరిచినట్టు. టీవీల గూడ చూపించిన్రు, కాశ్మీరు లెక్క వుందని.” ఒక్క క్షణం ఆగాడు. “మా నాయన ఉల్లిగడ్డ ఏసిండు. పది నిమిషాలు పడ్డయేమో. బయటికి పోయి చూసేటాళ్ళకు ఆకు లేదు.”

ఏమనాలో తోచక, ఫ్రాన్సులో ఏడెనిమిది నిమిషాలేనట అన్నాను. అనడం తప్పేమో.

“ఆ ఫ్రాన్సుల ఊళ్ళోళ్ళకు పైసలు ముట్టినయా సార్?”

చెప్పాను. వడగళ్ళ బాధితుల కోసం రాజు కౌన్సిలు కోటీ ఇరవై లక్షల లీవ్రుల లాటరీ పెట్టించింది. జనం కొన్నారు. ఖజానా ఎండిపోయిన ఆ ఆగస్టులో మంత్రి బ్రియెన్ చేతికందిన సొమ్మల్లా వాడుకున్నాడనీ, అందులో ఈ సొమ్ము కూడా వుందనీ చరిత్రకారులు రాశారు. ఆ నెలాఖరుకు అతని మంత్రిపదవి పోయింది.

“అంటే ముట్టలె.”

“ముట్టవలసినంత ముట్టలేదు” అన్నాను.

అతను తల వూపి, బస్సు వేళయిందని మెట్లు దిగిపోయాడు.